మన మందలు, అడవిలో మనుబోతులు
(సభ్య సంఘాల సమావేశంలో ఒక పశువైద్యుని ప్రసంగ పాఠం)



పాల సంఘం సభలో అడవి జంతువు ఊసెందుకని మీకు అనిపించవచ్చు. కవ్వాల అడవి అంచున పశువులను మేపుకునే వారికి మాత్రం మనుబోతు తెలిసినదే. హిందీవారు దీన్ని నీల్‌గాయ్ అంటారు. పేరులో గాయ్ ఉన్నా ఇది ఆవు కాదు. దుప్పిలా ఏటేటా కొమ్ములు రాల్చదు. కృష్ణజింక కోవకు చెందినది. ఆ కోవలో ఆసియా మొత్తానికి ఇదే పెద్దది. మగది రెండు క్వింటాళ్ళకు పైగా తూగుతుంది. ఆడది ఎనిమిది నెలలు చూడి మోసి తరచు కవలలను ఈనుతుంది. మన గేదె పది నెలలు మోసి ఒక్క దూడనే ఇస్తుంది గదా!

ఇదీ నెమరు వేసేదే, చీలిన గిట్టలదే. అందుకే గాలికుంటు దీనికీ సోకుతుంది. ఒకే కుంటలో నీళ్ళు తాగి, ఒకే గడ్డి మేసినప్పుడు జబ్బు ఇటునుంచి అటూ, అటునుంచి ఇటూ పోగలదు. అడవిలో మందకు టీకా వేసేవారు లేరు. మన కొట్టంలో వేయవచ్చు. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఈ టీకా ఆరు నెలలకొకసారి ఉచితంగా వేస్తారు. నాలుగు నెలలు నిండిన దూడకూ వేయించాలి. పాలు తగ్గుతాయని టీకా రోజున పశువును దాచేవారున్నారు. ఒకటి రెండు రోజులు కొద్దిగా తగ్గవచ్చు. జబ్బే వస్తే ఆ ఈత పాలకే ఎసరు. నోట, గిట్టల్లో పుండ్లు పడిన పశువును మాత్రం అడవికి తోలకండి.

మనుబోతు చేను మేస్తుంది. ఆ నష్టం నిజం. బీహారులో 2016లో మొకామా దగ్గర రెండు వందలకు పైగా కాల్చి చంపారు. ఆ తరువాత కూడా అక్కడ ఆ బాధ తీరలేదు. మన దగ్గర కొందరు చేను చుట్టూ కరెంటు తీగ లాగుతున్నారు. ఆ తీగకు మనుబోతు ఏదో, పాడిగేదె ఏదో తెలియదు. ఒకసారి శవపరీక్షకు పిలిస్తే వెళ్ళాను. చేలో పడి ఉన్నది పది రోజుల క్రితం ఈనిన గేదె. ఇంటి దగ్గర దూడ అరుస్తూనే ఉంది. తీగ లాగినవాడూ అదే సంఘంలో పాలు పోసేవాడే.

ఇంకొక మాట. పొదలో ఒంటరిగా పడుకున్న పిల్ల కనబడితే తల్లి వదిలేసిందనుకొని ఇంటికి తేకండి. తల్లి మేతకు పోయి తిరిగి వస్తుంది. దాన్ని పట్టడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం కూడా.

కార్యదర్శులు వచ్చే టీకా విడతకు ముందే, పాలు పోసే వేళ పశువుల జాబితా రాసుకోండి. అడవికి పోయే మందల వారి పేర్లు అందులో మొదట ఉండాలి.