రాష్ట్రములు పిలిచెడి వలస: మన యువకులకు కొన్ని మాటలు

(హోసూరులో జరిగిన సంఘపు మాస సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేడు నాకు నిర్ణయింపబడిన విషయము ఈ వేదికపై తరచుగా వినవచ్చునది కాదు. పాఠశాలలు, ఉపాధ్యాయుల నియామకము, పాఠ్యపుస్తకములు, వీనిని గూర్చియే మనము చర్చించుకొనుచుందుము. కాని మన ఇండ్లలో ఇప్పుడు మరియొక చర్చ కూడ నడచుచున్నది. ఉదయమున బస్సెక్కి ఎలక్ట్రానిక్ సిటీకి పోయి, ప్రొద్దుగ్రుంకిన పిదప ఇల్లు చేరుకొను మన కంప్యూటరు ఉద్యోగులు ఆస్ట్రేలియాకో, కెనడాకో పోవలెనని తలపోయుచున్నారు. "అక్కడి రాష్ట్ర ప్రభుత్వమే మమ్ము పిలుచునట" అని వారు చెప్పగా, అందు నిజమెంతయో ఆశ యెంతయో తలిదండ్రులకు తెలియుట లేదు. ఆ సంగతిని విశదీకరించుటయే ఈనాటి నా పని.

మొట్టమొదట ఒక విషయము మనసున ఉంచుకొనవలెను. వీసా నిచ్చునది రాష్ట్రము కాదు, కేంద్ర ప్రభుత్వము. రాష్ట్రము చేయునది సిఫారసు మాత్రమే. దానిని అక్కడ నామినేషను అందురు. ఆస్ట్రేలియాలో 2012 జూలై నుండి స్కిల్‌సెలెక్ట్ అను పద్ధతి అమలులో నున్నది. అభ్యర్థి తన వయస్సు, విద్య, వృత్తి, అనుభవము మున్నగు వివరములను అందు నమోదు చేయును. అది దరఖాస్తు కాదు, ఆసక్తిని తెలుపుట మాత్రమే. రాష్ట్రము తనకు కావలసిన వృత్తులవారిని అందుండి ఎన్నుకొని సిఫారసు చేయగా, కేంద్రపు ఆహ్వానము వచ్చును. అది వచ్చిన 60 దినములలో అసలు దరఖాస్తు పంపవలెను. ఏ రాష్ట్రమునకు ఎన్ని స్థానములు లభింపవలెనో ఏటేట నిర్ణయించునది కూడ కేంద్రమే. కావున నిరుడు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లను పిలిచిన రాష్ట్రము ఈ యేడు నర్సులను, వడ్రంగులను మాత్రమే పిలిచినను మనము ఆశ్చర్యపడ నక్కరలేదు.

ఈ వీసాలు రెండు తెరగులు. 190 సంఖ్య గలది శాశ్వత నివాసము నిచ్చును. దానికై రాష్ట్రము చేసిన సిఫారసునకు 5 మార్కులు. 491 సంఖ్య గలది 2019 నవంబరు నుండి వచ్చినది. అది ఐదేండ్ల తాత్కాలిక వీసా. దానికి 15 మార్కులు. మార్కులు హెచ్చుగదా యని సంతోషించు ముందు షరతు చదువవలెను. 491 వీసాపై పోయినవారు సిడ్నీ, మెల్బోర్న్, బ్రిస్బేన్ మహానగరములు విడిచి, ప్రాంతీయమని పేర్కొనబడిన చోటులందే నివసింపవలెను, పని చేయవలెను, చదువుకొనవలెను. అడిలైడ్, పెర్త్, హోబర్ట్ వంటి పట్టణములు ఆ లెక్కలోనివే. మూడేండ్లు అట్లు గడపి, పన్ను పత్రములు చూపినచో 191 అను శాశ్వత వీసాకు దరఖాస్తు చేయవచ్చును.

లెక్క యెట్లుండునో ఒక ఉదాహరణమున చూపెదను. ముప్పది యేండ్ల అవివాహిత యువకుడు. వయస్సునకు 30 మార్కులు. ఇంజనీరింగు పట్టమునకు 15. ఐదేండ్ల అనుభవము అంగీకరింపబడినచో 10. ఆంగ్ల పరీక్షలో అత్యుత్తమ శ్రేణి వచ్చినచో 20. అవివాహితుడగుటచే 10. మొత్తము 85. అర్హతకు 65 చాలును. కాని అర్హత వేరు, ఆహ్వానము వేరు. కంప్యూటరు వృత్తులలో పోటీ మిక్కిలి గావున 65 వచ్చినవాడు ఏండ్ల తరబడి వేచియుండవలసి రావచ్చును. రాష్ట్రపు సిఫారసునకు విలువ వచ్చుట ఇందువలననే. ఇంకొక చిక్కు కలదు. కంప్యూటరు వృత్తులవారి యోగ్యతను ఆస్ట్రేలియన్ కంప్యూటర్ సొసైటీ పరిశీలించును. మనము చేసిన కొలువు కాలమంతయు వారి లెక్కలోనికి వచ్చునని తలంపరాదు.

కెనడాలోను ఇట్టి యేర్పాటే కలదు. అక్కడ 2015 జనవరి నుండి నడచుచున్న ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అను పద్ధతిలో, మొత్తము 1200 మార్కులకు ఒక రాష్ట్రపు సిఫారసునకే 600 మార్కులు లభించును. క్యూబెక్ మాత్రము వేరు. అది తన వలసదారులను తన నియమముల ప్రకారము తానే ఎన్నుకొనును. ఆ ఎన్నికలో ఫ్రెంచి భాషకు పెద్ద పీట వేయుదురు. తమ భాషను నిలుపుకొనుటకు ఒక ప్రాంతమువారు వలస విధానమును సైతము సాధనముగా చేసికొనిరన్న సంగతి మనబోటి వారు గమనింపదగినది.

ఇక మోసముల మాట. రాష్ట్రపు సిఫారసు అనగా ఉద్యోగము కాదు. అక్కడ దిగిన పిదప కొలువు వెదకుకొనవలసినవాడు అభ్యర్థియే. మన పరిసర గ్రామమున ఒక తండ్రి, "నామినేషనుతో పాటు ఉద్యోగము కూడ ఖాయము" అన్న ఒక దళారి మాట నమ్మి, రెండెకరములు తాకట్టు పెట్టెను. సొమ్ము పోయినది, వీసా రాలేదు. ఏ రాష్ట్రపు సిఫారసును దళారి అమ్మజాలడు. నియమములన్నియు ఆయా ప్రభుత్వములే ఉచితముగా ప్రకటించుచున్నవి. వీసా రుసుము వేల డాలర్లలో నుండును. దరఖాస్తు తిరస్కరింపబడినచో సాధారణముగా అది తిరిగి రాదు. సహాయము కావలసినచో ఆస్ట్రేలియా ప్రభుత్వము నమోదు చేసిన ఏజెంటు అవునో కాదో, ఆతని నమోదు సంఖ్య యడిగి సరిచూచుకొనుడు. భూమి పత్రములను మాత్రము బీరువా దాటనీయకుడు.

ఇప్పుడు మన సంఘమునకు దగ్గరయైన విషయమునకు వచ్చెదను. ఆ మార్కుల పట్టికలో భాషకు 5 మార్కులు కలవు. ఆంగ్లము కాదు, మాతృభాష! అనువాదకుల, దుబాసీల యోగ్యతను నిర్ణయించు ఎన్.ఏ.ఏ.టి.ఐ. అను ఆస్ట్రేలియా సంస్థ జరుపు పరీక్షలో తెలుగు కూడ ఉన్నది. ఇద్దరి నడుమ జరుగు సంభాషణను విని, ఆంగ్లమును తెలుగున, తెలుగును ఆంగ్లమున నోటితో చెప్పవలెను. అట్టి సంభాషణలు రెండు. ఒక్కొక్కదానికి 45 మార్కులు. ప్రతి దానిలోను 29కి తగ్గరాదు, మొత్తము 63 రావలెను. ఒక రాష్ట్రము 190 వీసాకై చేయు సిఫారసునకు ఎంత విలువయో, అమ్మ నేర్పిన భాషకు అక్కడ సరిగా అంత విలువ!

నా మేనల్లుడు ఆ పరీక్ష వ్రాయుటకు నమోదు చేసికొని, "మామా, తెలుగు మనదే కదా, చదువ నక్కరలేదు" అనెను. తప్పి వచ్చెను. ఇంటిలో, సంతలో పలుకు తెలుగు వానికి ధారాళముగా వచ్చును. కాని ఆస్పత్రి, న్యాయస్థానము, బీమా కార్యాలయము, ఇట్టి చోట్ల జరుగు సంభాషణలో "పరిహారము", "ఫిర్యాదు" అను మాటలు రాగానే నోరు పెగలలేదట. ఆ మాటలు వానికి ఆంగ్లమున తెలియును, తమిళమున తెలియును, తెలుగున తెలియవు. తప్పు వానిదా? 2006 నాటి తమిళ బోధన చట్టము వచ్చిన తరువాత మన పిల్లలకు తెలుగు బడిలో ఎంతవరకు దక్కినదో మీరందరును ఎరుగుదురు. తమిళము నేర్చుకొనవలసినదే, అందు నాకు సందేహము లేదు. కాని తెలుగును బడి విడిచిన చోట ఇల్లు పట్టుకొనలేదు. ఆ తప్పులో నాకును భాగము కలదు. వాడు చిన్నవాడై యుండగా వానికి తెలుగు ఓనమాలు దిద్దించెదనని మాట యిచ్చి, తీరిక లేదని మానుకొంటిని.

ఐదు మార్కుల కొరకు తల్లి భాష నేర్చుకొనుట నగుబాటు కాదా యని కొందరు పెద్దలు అందురు. నేను అట్లు తలంపను. ఏ వాకిట ప్రవేశించినను బిడ్డ ఇంటికే వచ్చుచున్నాడు. మేనల్లుడిప్పుడు ప్రతి ఆదివారము నాతో కూర్చుండి వార్తాపత్రిక బిగ్గరగా చదువుచున్నాడు. మొదట తడవికొనుచు చదివెడివాడు. ఇప్పుడు నా తప్పులు దిద్దుచున్నాడు.

చివరిగా, పోవు యువకులకు ఒక మాట. విజయనగర కాలమునను, నాయకరాజుల కాలమునను మన పూర్వులు ఈ దక్షిణ దేశమునకు వచ్చిరి. వచ్చినవారు చెరువులు త్రవ్వి, పొలము దున్ని, ఈ నేలకు చెందినవారైరి. మిమ్ము పిలుచు రాష్ట్రము కూడ నిలిచియుండు వారినే కోరుచున్నది. మాట యిచ్చి వీసా పొంది, గడువు తీరకమునుపే మహానగరమునకు పరుగెత్తినచో, 491 వారికి వీసాయే రద్దు కావచ్చును. అంతకు మించి, వెనుక రాదలచిన మన పిల్లలపై నమ్మకము సన్నగిల్లును.

కావున ఈ సభ ముందు ఒక కోరిక యుంచుచున్నాను. మన సంఘ భవనమున ఆదివారము సాయంకాలము ఒక గంట తెలుగు తరగతి నడుపుదము. విదేశము పోవువారు మార్కుల కొరకు రానిండు. పోనివారు ఊరకే రానిండు. పాఠము చెప్పుటకు మొదటి పేరు నాది వ్రాసికొనుడు. రెండవ పేరు ఎవరిదో ఈ సభ ముగియులోపల తెలియవలెను.