వెస్ట్ కెన్నెట్ సమాధి దిబ్బ

వెస్ట్ కెన్నెట్ సమాధి దిబ్బ దక్షిణ ఇంగ్లండులోని విల్ట్‌షైర్‌లో, ఏవ్‌బరీ గ్రామానికి దక్షిణాన, పొలాల నడుమ మెరక మీద ఉంది. ఆ దేశంలో వ్యవసాయం అప్పుడప్పుడే వేళ్లూనుతున్న క్రీ.పూ. 3650 ప్రాంతంలో, లోహం ఎరుగని మనుషులు దీన్ని కట్టారు.

దిబ్బ పొడవు సుమారు 100 మీటర్లు. రెండు పక్కలా కందకాలు తవ్వి, వాటిలో వచ్చిన సుద్దరాయిని మధ్యన పోశారు. సమాధి గదులు మాత్రం తూర్పు కొసన 12 మీటర్ల మేరలోనే ఉన్నాయి. నడవాకు అటు రెండు, ఇటు రెండు, చివర ఒకటి. గోడలకూ కప్పుకూ సార్సెన్ అనే గట్టి ఇసుకరాతి బండలు వాడి, సందులను చిన్న రాళ్ల పేర్పుతో పూడ్చారు.

1859లో జాన్ థర్నమ్ చివరనున్న పడమటి గదిని తవ్వాడు. మిగతా నాలుగింటిని 1955–56లో పురావస్తు శాస్త్రవేత్తలు స్టువర్ట్ పిగాట్, రిచర్డ్ అట్కిన్సన్ తవ్వారు. స్త్రీలు, పురుషులు, పిల్లలు కలిపి కనీసం 36 మంది ఎముకలు బయటపడ్డాయి. వాటిలో పుర్రెలు, పొడవాటి ఎముకలు ఉండవలసినన్ని లేవు. తర్వాతి కాలంలో ఏవో క్రతువుల కోసం వాటిని బయటికి తీసి ఉంటారని ఒక అభిప్రాయం.

రేడియోకార్బన్ లెక్కల ప్రకారం ఈ మృతులందరినీ దాదాపు ఒక తరం కాలంలోనే ఇక్కడ ఉంచారు. ఆపై వెయ్యేళ్లకు పైగా జనం సుద్ద, మట్టి, కుండపెంకులు, పూసలు, జంతువుల ఎముకలు తెచ్చి గదులను నింపుతూ వచ్చారు. చివరికి ముఖద్వారానికి అడ్డంగా పెద్ద బండలు నిలిపి మూసేశారు. శవాలను ఉంచింది కొద్దికాలమే అయినా, ఆ చోటును పవిత్రంగా చూసుకున్నది శతాబ్దాల పాటు.

బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు జాన్ లబక్ పట్టుదలతో వచ్చిన 1882 నాటి ప్రాచీన కట్టడాల రక్షణ చట్టం తొలి జాబితాలోనే ఈ దిబ్బకు చోటు దొరికింది. 1986లో ఇది యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంలో భాగమైంది.

మన తెలుగు నేలలోనూ ఇలాంటి పెద్ద బండల సమాధులు ఉన్నాయి. రాకాసి గుళ్లు అనే ఇవి ఇనుప యుగానివి. వెస్ట్ కెన్నెట్ దిబ్బకన్నా రెండు వేల ఏళ్లకు పైగా తర్వాతివి. కేంద్ర రక్షణలో ఉన్న కట్టడాల చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణాలను భారతదేశ చట్టం నిషేధిస్తోంది. జాబితాకెక్కని సమాధులను మాత్రం సేద్యం, రాతి క్వారీలు చెరిపేస్తున్నాయి. ఊరి పొలిమేరలో ఇలాంటి సమాధికి గుర్తుగా వలయంగా పేర్చిన బండలు కనబడితే కదిలించకుండా పురావస్తు శాఖకు తెలపాలి.