పరాయి నేలపై కాపురం

“మొక్కై వంగనిది మానై వంగునా” అని మన పెద్దల మాట. పిల్లల పెంపకానికి ఈ సామెతను వాడుతూ ఉంటాము. కానీ దీనిని మరొక సందర్భానికి కూడా అన్వయించి చూడవచ్చును. ఒక దంపతులు తమ దేశంలో ఒక జీవితాన్ని గడిపి, బంధువులను, అలవాట్లను, భాషను సంపాదించుకొన్న తరువాత, వాటినన్నిటినీ విడిచి సముద్రానికి ఆవలనున్న దేశంలో సేవకై కాపురం పెట్టితే, ఆ ముదిరిన మాను కొత్త నేలలో వేళ్లు దిగుతుందా? దిగితే దానికి నీరు పోసినవారెవరు? ఈ ప్రశ్నకు విశాఖపట్టణ చరిత్రలో కొన్ని సమాధానాలు లభిస్తున్నవి. అందు కొన్ని ఇచ్చటికి వచ్చినవారివి. ఒకటి తెలుగునాటినుండి వెళ్లినవారిది.

నేడు మనమెరిగిన విశాఖ రేవు 1933లో వాడుకలోకి వచ్చినది. అంతకు పూర్వం ఓడలు దూరాన లంగరు వేసేవి. మనుష్యులు, సరుకులు పడవలమీద అలలను దాటి ఒడ్డుకు చేరవలసి ఉండేది. అటువంటి చిన్న పట్టణానికి 1805లో లండన్ మిషనరీ సంఘం తరఫున జార్జి క్రాన్, అగస్టస్ డె గ్రాంజ్ అనేవారు వచ్చారు. ఆనాడు ఈస్టిండియా కంపెనీ తన సీమలలో మిషనరీలను స్వేచ్ఛగా అనుమతించేది కాదు. 1813లో పార్లమెంటు కంపెనీ సన్నదును మార్చిన తరువాతగాని వారికి తలుపు తెరువబడలేదు. అందుచేత వీరు డెన్మార్కువారి ఓడలో, డెన్మార్కువారి అధీనంలో ఉన్న తరంగంబాడికి వచ్చి, అక్కడినుండి మద్రాసుమీదుగా విశాఖను చేరుకొన్నారు. తమ సొంత ప్రభుత్వమే పూర్తిగా రమ్మనని చోటికి వచ్చినవారన్నమాట.

వారికి ఎదురైన మొదటి గోడ భాష. అచ్చులో తెలుగు పుస్తకమంటూ దాదాపు లేని కాలమది. అంతకు డెబ్బది యేండ్లకు పూర్వమే బెంజమిన్ షుల్జ్ అనే జర్మను మిషనరీ మద్రాసులో ఉండి బైబిలును తెలుగు చేశాడు గాని, అది అచ్చుకు నోచుకొనలేదు. కనుక వీరు మాట మాటనూ మనుష్యుల నోటినుండియే నేర్చుకొనవలసి వచ్చినది. తెలుగు నేర్చే విదేశీయునికి ణకార ళకారాలు ఒక యెత్తయితే, ఎవరిని ‘మీరు’ అనవలెనో, ఎవరిని ‘నీవు’ అనవలెనో, ఎవరిని ‘అమ్మా’ అని, ఎవరిని ‘అయ్యా’ అని పిలువవలెనో తెలియడం మరొక యెత్తు. వ్యాకరణం పుస్తకంలో దొరుకుతుంది. వరస మాత్రం ఇరుగుపొరుగువారు చెప్పితేనే తెలుస్తుంది.

వారికి దొరికిన గురువు ఆనందరాయరు. ఈయన బ్రాహ్మణుడు, తంజావూరు ప్రాంతంలో క్రైస్తవ మతాన్ని స్వీకరించి 1808లో విశాఖకు వచ్చినవాడు. సువార్తలను తెలుగు చేసే పనిలో ఈయన సహాయం లేకుండా పని సాగేది కాదు. 1809లో శ్రీకాకుళంలో క్రాన్ కన్నుమూశాడు. 1810లో డె గ్రాంజ్ కూడా మరణించాడు. ఆయనకప్పుడు ముప్పది యేండ్లు. ఆయన పేరిట మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరామపురంలో అచ్చైనవి. తెలుగులో అచ్చుపడిన తొలి బైబిలు భాగాలు అవే. రచయితకు పుస్తకాన్ని చేతబట్టుకొనే భాగ్యం కలుగలేదు. గురువుకు మొదటి పుటమీద చోటు దక్కలేదు. అయినా ఆ తెలుగు వాక్యాలలో ఉన్నది వారిద్దరి చెమటయే.

ఇక్కడ ఒక విషయాన్ని గమనించవలెను. బోధించడానికి వచ్చినవాడు ముందుగా విద్యార్థి కావలసి వచ్చినది. తన దేశంలో వేదికలెక్కి ప్రసంగించిన మనిషి, ఇక్కడ అయిదేండ్ల పిల్లవాడివలె ఓనమాలు దిద్దవలసి వచ్చినది. వయస్సు మీరినకొలదీ మనిషికి కష్టమయ్యేది జ్ఞాపకశక్తి తగ్గడం ఒక్కటే కాదు. తప్పు మాట్లాడి నవ్వులపాలు కావడానికి ఒప్పుకోలేకపోవడం మరింత కష్టం. ఆ ఒప్పుదల ఉన్నవారే నిలిచారు. డె గ్రాంజ్ తరువాత వచ్చిన ఎడ్వర్డ్ ప్రిచెట్ కొత్త నిబంధనను తెలుగు చేయగా, అది 1818లో మద్రాసులో అచ్చైనది. 1840లో వచ్చిన జాన్ హే సుమారు అర్ధ శతాబ్దం తెలుగువారి మధ్యనే గడిపి, బైబిలు తెలుగును దిద్దే పనిలోనే ముసలివాడైనాడు. యువకుడుగా వచ్చిన మనిషి జుట్టు నెరిసేదాకా ఒక పరభాషలోని వాక్యాలను కొట్టివేసి తిరిగి వ్రాస్తూ కూర్చుండడం ఎంతటి ఓర్పు!

అయితే చరిత్ర గ్రంథాలు పురుషుల పేర్లనే వ్రాస్తవి. భార్య ‘శ్రీమతి ఫలానా’గా ఒక పంక్తిలో వచ్చి పోతుంది. నిజానికి పరదేశంలో కాపురం నిలబెట్టేది ఆమె. మగవాడు పనిమీద ఊళ్లు తిరుగుతాడు. ఎండకు వట్టివేళ్ల తడికలు తడిపించడం, మంచినీళ్లు కాచి వడబోయించడం, జ్వరం వచ్చిన బిడ్డ దగ్గర రాత్రంతా కూర్చోవడం, వంటవానితోను, చాకలితోను, పాలు తెచ్చే ఆమెతోను రోజూ మాట్లాడడం ఆమె వంతు. అందుచేత ఆమె తెలుగు పండితుల తెలుగు కాకపోవచ్చును గాని, ఊరి తెలుగు అవుతుంది.

ఇటువంటి స్త్రీలలో ఒకరి మాట మనకు పుస్తకరూపంలో మిగిలినది. 1873లో కెనడాలోని నోవాస్కోషియా ప్రాంతంనుండి కొందరు బాప్టిస్టు మిషనరీలు సయాం దేశానికి బయలుదేరారు. అక్కడ తాము తలపెట్టిన పనికి తగిన వీలు కనబడకపోవడంతో 1875లో తెలుగుదేశానికి మళ్లారు. అందులో జార్జి చర్చిల్, ఆయన భార్య మెటిల్డా ఫాక్నర్ చర్చిల్ ఉన్నారు. ఆమె తన దేశంలో ఉపాధ్యాయురాలు. ఈ దంపతులు ఆనాటి విశాఖపట్టణం జిల్లాలోనిదైన బొబ్బిలిలో స్థిరపడ్డారు. ఒక దేశానికని బయలుదేరి, మరొక భాష మొదలుపెట్టి, ఇంకొక దేశంలో మూడవ భాషకు ‘అ ఆ’లు దిద్దడమంటే సామాన్యం కాదు. తీరం వెంబడి రైలుదారి పడని రోజులవి. ఎడ్లబండిమీద రాత్రులు ప్రయాణాలు చేసేవారు. మెటిల్డా బొబ్బిలిలో ఆడపిల్లలకు బడి నడిపినది. ఆడపిల్లకు అక్షరమెందుకని ఇంటింటా అడిగే కాలంలో, పిల్లను బడికి పంపమని తల్లిని ఒప్పించవలెనంటే, తెలుగు మాట మాత్రమే చాలదు. తెలుగు తల్లి మనస్సు తెలియవలెను. 1908లో భర్త పోయిన తరువాత కూడా ఆమె వెంటనే ఈ పనిని విడిచిపోలేదు. 1916లో ఆమె ఉత్తరాలు పుస్తకంగా వెలువడినవి. ‘ఇండియాలోని నా ఇంటినుండి ఉత్తరాలు’ అని దాని పేరుకు అర్థం. ‘నా ఇల్లు’ అన్న ఆ మాటను గమనించండి. అది ఒక్కనాట వచ్చే మాట కాదు.

ఈ కథలో ఒక్క వెలుగునే చూపితే న్యాయం కాదు. ఇచ్చటికి వచ్చిన దొర, దొరసానుల వెనుక, వారు కోరినా కోరకపోయినా, ఒక సామ్రాజ్యపు నీడ ఉండేది. తెల్లని శరీరానికి కచేరీలోను, దారిలోను దొరికే మర్యాద వేరు. మతం మారిన వ్యక్తికి ఇంటితోను, కులంతోను తెగతెంపులు జరిగేవి. ఆ బాధ ఆ వ్యక్తిదే కాక, అతని తల్లిదండ్రులది కూడా. తమ బిడ్డ తమకు కాకుండా పోతాడేమోనని భయపడిన తల్లిని మనం తప్పు పట్టలేము. అదే సమయంలో, ఏ బడి గడపా ఎక్కనీయని కులాల పిల్లల చేతికి పలక ఇచ్చినవారిని మరచిపోనూలేము. ఈ రెండూ ఒకే చరిత్రలోని విషయాలు.

మరి సామ్రాజ్యపు అండ లేకుండా వెళ్లినవారి సంగతి ఏమిటి? దానికి ఉదాహరణ మన తెలుగు దంపతులే. 1860 మొదలు 1911 వరకు దక్షిణాఫ్రికాలోని నేటాలుకు లక్షన్నరకు పైగా భారతీయులు ఒప్పందపు కూలీలుగా వెళ్లారు. చెరకు తోటలలోను, తేయాకు తోటలలోను అయిదేండ్లు పని చేయడం ఆ ఒప్పందం. ఇందులో విశాఖపట్టణం, గంజాం జిల్లాలనుండి, ఇతర తెలుగు జిల్లాలనుండి వెళ్లినవారు వేలమంది. వారిలోని తెలుగు బాప్టిస్టులు తమకు తెలుగులో దైవవాక్యం చెప్పే మనిషి కావలెనని స్వదేశానికి కబురు పెట్టారు. తెలుగు సంఘాలవారే ఏర్పరచుకొన్న హోమ్ మిషనరీ సంఘం, నెల్లూరుకు చెందిన జాన్ రంగయ్యగారిని 1903లో పంపినది. ఆయనకప్పటికి వయస్సు నలుబదికి చేరువైనది. భార్య కనకమ్మ, పిల్లలు వెంటనే బయలుదేరారు.

వారు చేరినది దొర బంగళాకు కాదు. కూలివానిగా తప్ప నల్లని మనిషిని ఎరుగని దేశం అది. 1903 డిసెంబరు 27న కియర్స్నీ అనే తేయాకు తోటలో మొదటి తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడినది. తరువాత మరికొన్ని చోట్ల సంఘాలు లేచినవి. పగలంతా తోటలో పని చేసి అలసిన మనిషికి, రాత్రి తన భాషలో ఒక పాట, ఒక ప్రార్థన, ఒక పలకరింపు దొరకడమంటే ఏమిటో మనం ఊహించవచ్చును. తోట యజమాని పుస్తకంలో ఆ కూలికి ఒక నంబరు ఉండేది. రంగయ్యగారి సంఘపు పుస్తకంలో ఒక పేరు ఉండేది. రంగయ్యగారు 1915లో మరణించారు. వారు నాటిన సంఘాలు ఆయనతో అంతరించలేదు. దక్షిణాఫ్రికా తెలుగువారు మతభేదం లేకుండా తమ భాషను కాపాడుకొనడానికి 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొన్నారు. భాషను బ్రతికించుకొనవలెనన్న ఆ తపనకు, పూర్వం తోటలలో తెలుగు పలికించిన హిందూ భజనగోష్ఠులు, క్రైస్తవ ప్రార్థనా సమాజాలు రెండూ దారి వేసినవే.

ఈ రెండు ప్రయాణాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేటపడుతున్నది. చర్చిల్ దంపతులు పరాయివారి మధ్యకు వెళ్లి, వారి భాష నేర్చి, వారికి తమవారైనారు. రంగయ్య దంపతులు పరాయి దేశంలో ఉన్న తమవారివద్దకు వెళ్లి, వారు తమవారుగానే నిలవడానికి తోడ్పడినారు. ఒకరు కొత్త భాష నేర్చుకొన్నారు. మరొకరు పాత భాషను కాపాడినారు. అయినా ఇద్దరి కాపురమూ నిలిచినది ఒకే ఆధారంమీద. ఎదుటివారికి తమ అవసరం ఉన్నదని మాత్రమే కాక, తమకు ఎదుటివారి అవసరం ఉన్నదని వారు ఒప్పుకొన్నారు. ఆనందరాయరు లేనిదే డె గ్రాంజ్ లేడు. పిలిచిన కూలీలు లేనిదే రంగయ్యగారు లేరు. మానుకు నీరు పోసినవారు ఆ నేల మనుష్యులే.

ఈ మాట మత సేవకు మాత్రమే సంబంధించినది కాదు. ఉక్కు కర్మాగారం వచ్చిన తరువాత విశాఖకు దేశంలోని అన్ని మూలలనుండి కుటుంబాలు వచ్చి స్థిరపడినవి. ఆ కర్మాగార నిర్మాణ కాలంలో సోవియట్ నిపుణులు సైతం ఇక్కడికి వచ్చి పని చేశారు. మరొకవైపు, మన ఇళ్లలోని వృద్ధ దంపతులు అనేకులు నేడు అమెరికాలోను, ఆస్ట్రేలియాలోను ఉన్న బిడ్డలవద్దకు పోయి నెలల తరబడి, ఏండ్ల తరబడి ఉంటున్నారు. అక్కడ తమకు పని లేదని, మాట్లాడేవారు లేరని, ఇంటిలో అతిథులవలె మిగిలిపోయినామని బాధపడేవారు తక్కువమంది కాదు. వారికి కావలసినది విశ్రాంతి కాదు, ఒక పని; ఒక పొరుగు; తప్పుగా పలికినా నవ్వక దిద్దే ఒక మనిషి.

కనుక దేశం మారిన పెద్దవారు మన వీధిలో కనబడినప్పుడు, వారి మాట తీరును చూచి నవ్వుకొనడానికి ముందు, వారికి ఒక మాట నేర్పుదాము; వారినుండి ఒక మాట నేర్చుకొందాము. మాను వంగదని సామెత చెప్పినా, కొత్త నేలలో చిగిర్చిన మానులు ఉన్నవని ఈ తీరపు చరిత్ర చెప్పుతున్నది.