ఓడ ప్రయాణంలో కోటు, పట్టుచీర, పతకాలు

(వడోద్‌లో జరిగిన వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పింఛను గురించీ ఆరోగ్యం గురించీ చెప్పడానికి నాకన్నా తెలిసినవాళ్ళు ఈ సభలో ఉన్నారు. నేను బట్టల గురించి మాట్లాడతాను. నవ్వకండి. ఈమధ్య అమెరికాలో ఉన్న మన పిల్లలు అమ్మానాన్నల్ని పిలిపించుకుని మయామీలో క్రూజ్ ఎక్కిస్తున్నారు. ఇక్కడ ముంబయి నుంచి కూడా గోవా, లక్షద్వీప్ వైపు ఓడలు తిరుగుతున్నాయి. ఆ ఓడల్లో ఒకటి రెండు రాత్రులు ‘ఫార్మల్ నైట్’ అని ఉంటుంది. మనకు తెలిసిన ఒక హవల్దార్ సాబ్ అలాగే వెళ్ళారు. ఆ సాయంత్రం పెట్టె తీస్తే కోటు కాలరు మీద తెల్లగా బూజు. కొడుకూ కోడలూ ఎంత పిలిచినా ఆయనా ఆయన భార్యా భోజనానికి పోకుండా కేబిన్‌లోనే ఉండిపోయారు. ఇరవై నాలుగేళ్ళు ఇన్‌స్పెక్షన్‌లో ముందు వరసలో నిలబడ్డ మనిషి. ఆ మాట విన్నప్పటి నుంచీ ఇది చెప్పాలనుకుంటున్నాను.

మనకు ఇది కొత్త విద్య కాదు. నల్ల ట్రంకు పెట్టె, బిస్తర్‌బంద్‌తో దేశమంతా తిరిగినవాళ్ళం. నేను చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు (2024లో దాని పేరు శ్రీ విజయపురం అయింది) ఓడలో వెళ్ళినప్పుడు సుమారు మూడు రోజులు పట్టింది. సముద్రం మీద బట్టలకు దుమ్ముతో పెద్ద బాధ లేదు. శత్రువు తేమ. దానికి తోడు గంజి. గంజి పెట్టిన బట్ట పరేడ్‌లో బాగుంటుంది గానీ, పెట్టెలో పడుకోబెడితే అదే బూజుకూ వెండి పురుగుకూ మేత. కాబట్టి పెట్టెలో పెట్టే చొక్కా, పంచె గంజి లేకుండా ఉతికి, పూర్తిగా ఆరాక పెట్టండి. ఇస్త్రీ చేసిన వేడి మీద మడత పెట్టొద్దు. ఆ వెచ్చదనంలో ఆవిరి మిగిలే ఉంటుంది, ముడతా గట్టిపడుతుంది.

కోటు మడత అందరూ తప్పే పెడతారు. ఒక భుజాన్ని లోపలివైపు బయటకు వచ్చేలా తిప్పండి. రెండో భుజాన్ని తిప్పకుండా దాని లోపలికి దోపండి. ఇప్పుడు అస్తరు బయట, ఉన్ని లోపల. దాన్ని నిలువుగా సరిచేసి, మధ్యలో పాత మెత్తని పంచె ముక్క పెట్టి అడ్డంగా ఒక్కసారే మడవండి. పాత వార్తాపత్రికలు వాడొద్దు, సిరా అంటుతుంది. ప్యాంటు కాళ్ళు పెట్టె బయటకు వేలాడేసి, మిగతా బట్టలన్నీ సర్దాక వాటి మీదికి తిప్పేస్తే మోకాలి దగ్గర గీత పడదు. బూట్లు పాత దిండు గలీబులో, సాక్సులు బూట్లలో. టై చుట్టచుట్టి పెట్టండి.

డ్రైక్లీనింగ్ ప్లాస్టిక్ కవరు ప్రయాణంలో మంచిదే, బట్ట జారుతుంది కాబట్టి ముడత తక్కువ. అయితే కేబిన్‌లో దిగిన వెంటనే తీసెయ్యాలి. లేకపోతే తేమ లోపలే చిక్కుకుంటుంది. మన హవల్దార్ సాబ్ కోటు ఆరు నెలలు ఇంటి బీరువాలో ఆ కవరులోనే ఉందట.

ఇక అక్కచెల్లెళ్ళ మాట. సూరత్‌లో ఉండి జరీ గురించి మీకు నేను చెప్పడమేమిటి! వరంగల్, కరీంనగర్, నల్గొండ జిల్లాల నుంచి వచ్చిన మన పద్మశాలి కుటుంబాలు ఈ ఊరి మగ్గాల మీదే బతుకు నిలబెట్టుకున్నాయి. సూరత్ జరీకి 2010లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అసలు జరీ అంటే పట్టుదారం మీద చుట్టిన వెండి తీగ, దాని మీద బంగారు పూత. రెండో రకంలో వెండి బదులు రాగి. మూడోది ప్లాస్టిక్ జరీ. సముద్రపు ఉప్పుగాలికి మొదటి రెండూ నల్లబడతాయి. సెంటు నేరుగా చల్లినా అంతే. ప్లాస్టిక్ జరీ నల్లబడదు గానీ వేడి ఇస్త్రీకి కరుగుతుంది. నా మాట అడిగితే, ఒక పట్టుచీర చాలు, లోపల భోజనాల హాలుకు మాత్రమే. డెక్ మీద గాలికి మన సూరత్ పాలియెస్టర్ చీరే రాణి. పట్టుచీరను నూలు గుడ్డలో చుట్టండి. కలరా ఉండలు జరీకి తగలకూడదు.

ఇస్త్రీపెట్టె సర్దుకోకండి. నిప్పు భయం వల్ల చాలా ఓడల్లో ఎక్కేటప్పుడే తీసి పక్కన పెడతారు, ఆవిరి యంత్రం కూడా అంతే. ఓడలో డబ్బు కడితే ఇస్త్రీ చేసి ఇస్తారు. లేదా బాత్‌రూములో వేడినీళ్ళు తిప్పి, ఆ ఆవిరిలో కోటు పావుగంట తగిలించి, తర్వాత బయట ఆరనివ్వండి. పెద్ద పెట్టెలు వాళ్ళే తీసుకుని సాయంత్రానికి గానీ కేబిన్‌కు చేర్చరు. మందులు, పాస్‌పోర్టు, మొదటి రాత్రి బట్టలు చేతి సంచిలో ఉండాలి. టై, కాలరు ఇబ్బంది ఎందుకు అనుకునేవాళ్ళకు బంద్‌గలా హాయి. అదీ లేదంటే చాలా ఓడల్లో బఫే వైపు మామూలు బట్టలతో తినొచ్చు, ఎవరూ ఏమీ అనరు.

మనవాళ్ళకు ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. పాత కామఫ్లాజ్ ప్యాంటు, టోపీ, సంచి తీసుకెళ్ళొద్దు. బార్బడోస్, జమైకా, ట్రినిడాడ్, సెయింట్ లూసియా వంటి కరీబియన్ దేశాల్లో పౌరులు ఆ రంగు బట్టలు వేసుకోవడం చట్టరీత్యా నేరం. మనవడికి ముచ్చటపడి కొన్న చిన్న నిక్కరుకు కూడా మినహాయింపు లేదు.

పతకాలు ఇంట్లోనే ఉండనివ్వండి. క్రూజ్ విందు రెజిమెంట్ విందు కాదు. వాటికి బ్రాస్సో రుద్దకండి, మన పతకాలు చాలావరకు రాగి నికెల్ కలిపిన లోహం, రుద్దేకొద్దీ అక్షరాలు అరిగిపోతాయి. పొడి మెత్తటి గుడ్డతో తుడిచి, రిబ్బను విడిగా మడత లేకుండా పెడితే చాలు. అవి మన తర్వాత కూడా ఉండాలి.

నా ట్రంకు పెట్టె, ఒక కోటు వెంట తెచ్చాను. టీ అయ్యాక ఆ పక్క బల్ల దగ్గరికి రండి, మడత చేసి చూపిస్తాను.