కుట్టని చోటు: సర్కాసియన్ జరీ కుట్టు, నేటి వస్త్ర రూపకల్పన

సర్కాసియన్ కుట్టుపనిని నేటి వస్త్రాలలోకి తేవాలన్న ప్రయత్నాలు చాలావరకు ఒక బుట్టాను ఎంచుకోవడంతో మొదలవుతాయి; పొట్టేలు కొమ్ములను తలపించే జంట చుట్టనో, మూడు రేకుల ఆకునో పాత వస్త్రం నుంచి విడదీసి, కంప్యూటర్‌లో గీసి, గజాలకొద్దీ బట్టమీద వరుసగా అచ్చువేయడంతో ముగుస్తాయి. జంట చుట్టలు, మూడు రేకులు మధ్య ఆసియాలోనూ ఉన్నాయి, ఒట్టోమన్ వస్త్రాలలోనూ ఉన్నాయి. సర్కాసియన్ పనిని వాటి నుంచి వేరుచేసి చూపేది బుట్టా చుట్టూ కుట్టకుండా విడిచిపెట్టిన బట్ట, బుట్టాకు దుస్తులో కేటాయించిన చోటు, దారం బట్టమీద లేచి నిలిచే తీరు. ఈ మూడింటినీ వదిలి బుట్టాను మాత్రమే తెచ్చుకుంటే చేతికి వచ్చేది కొమ్ముల బొమ్మ మాత్రమేనన్నది ఈ ఉపన్యాసపు ప్రధాన ప్రతిపాదన.

సర్కాసియన్లు కాకసస్ పర్వతాల వాయవ్య భాగానికి, దాని పక్కనున్న నల్లసముద్ర తీరానికి చెందిన ప్రజలు. తమను తాము అదిగె అని చెప్పుకుంటారు. రష్యన్ సామ్రాజ్యంతో దశాబ్దాలపాటు సాగిన యుద్ధం 1864 మే 21న ఓటమితో ముగియగా, జనంలో అత్యధికులు ఒట్టోమన్ రాజ్యానికి వలసపోవలసి వచ్చింది. నేడు స్వస్థలంలో, అంటే రష్యాలోని అదిగేయా, కబర్దినో-బల్కారియా, కరచాయ్-చెర్కెసియా గణతంత్రాలలో ఉన్నవారికన్నా తుర్కియే, జోర్డాన్, సిరియా తదితర దేశాలలో ఉన్న వారి సంతతివారే ఎక్కువ. వస్త్రాల చరిత్రను ఈ వలస నుంచి విడదీసి చెప్పడం కుదరదు, ఎందుకంటే ఇల్లూ పొలమూ విడిచి ఓడ ఎక్కినవారి వెంట వెళ్లగలిగినవి ఒంటిమీది దుస్తులు, వెండి బిళ్లల నడికట్లు, పెట్టెలో పట్టిన కొద్దిపాటి వస్తువులు మాత్రమే.

ఈ పనికి ఉన్న ప్రాచీనతకు లిఖిత సాక్ష్యం కూడా ఉంది. జెనోవాకు చెందిన జార్జియో ఇంటెరియానో సర్కాసియన్ల జీవనంపై రాసిన చిన్న గ్రంథం 1502లో వెనిస్‌లో అచ్చయింది. గొప్పింటి స్త్రీలు కుట్టుపని తప్ప వేరే పని చేయరనీ, తోలు వస్తువులమీద సైతం కుడతారనీ అందులో ఆయన నమోదు చేశాడు. తరువాతి శతాబ్దాలలో కూడా జరీ కుట్టు ఆడపిల్ల చదువులో భాగంగానే సాగింది. పెళ్లికూతురు అత్తవారి బంధువులకు పెట్టే కానుకలలో తాను కుట్టిన పొగాకు సంచులు, తుపాకీ ఒరలు, చిన్న చిన్న తిత్తులు ఉండేవి. ఆ కుట్టు సఫాయిని బట్టి ఆమె ఓర్పునూ పెంపకాన్నీ అంచనా కట్టేవారు కాబట్టి, అది ఇంటి అలంకారంగా మిగిలిపోక పదిమందిలో పరీక్షకు నిలిచే విద్య అయింది.

పని విధానాన్ని కొంత దగ్గరగా పరిశీలించవలసి ఉంది, ఎందుకంటే ఆకృతుల స్వభావం చాలామటుకు అందులోంచే పుట్టింది. జరీ అంటే పట్టు లేక నూలు దారం చుట్టూ సన్నని లోహపు రేకును మెలివేసి చుట్టినది. సూదితో బట్టలోంచి పదేపదే లాగితే ఆ రేకు ఊడిపోతుంది, పైగా ఖరీదైన దారంలో సగం ఎవరికీ కనబడని వెనకవైపు వృథా అవుతుంది. అందుచేత జరీని బట్టపైనే పరచి, సన్నని పట్టుదారపు కుట్లతో అక్కడక్కడా బిగించడం ఒక పద్ధతి. ఆ బిగింపు కుట్లను వరుస తప్పించి వేస్తూ పోతే బంగారు తలంమీద మెట్లు మెట్లుగానో, ఏటవాలు గీతలుగానో రెండో అల్లిక ఏర్పడుతుంది. రెండో పద్ధతిలో ఆకృతిని ముందుగా అట్టతో కత్తిరించి ముఖమల్‌మీద అమర్చుతారు. జరీ ఆ అట్టకు ఈ అంచు నుంచి ఆ అంచుకు అడ్డంగా సాగి, అంచు దగ్గర పట్టుకుట్టుతో ఆగి, మళ్లీ వెనుదిరుగుతుంది. పని పూర్తయ్యాక ఆకృతి బట్టమీద ఉబ్బెత్తుగా నిలిచి, దీపం ఎటు ఉంటే అటు మెరుస్తుంది. హైదరాబాద్ జర్దోసి కార్ఖానాలలో, తెలుగు ఊళ్ల మగ్గం వర్క్‌లో అనుభవం ఉన్నవారికి లోహపు దారాన్ని పైనే నిలిపే ఈ ఉపాయం కొత్తగా తోచదు. అయితే ఇక్కడి పనిలో తీగ, ఆకు, పువ్వు ఒకదాన్నొకటి అల్లుకుంటూ జాలుగా బట్టను కప్పే ధోరణి బలంగా ఉండగా, అక్కడ ఒక్కొక్క ఆకృతి విడిగా, నిండుగా నిలబడుతుంది. అట్టతో కత్తిరించే ఆకృతికి సన్నని కాడలు నప్పవు; వెడల్పైన రేకులు, గుండ్రని మలుపులు, స్పష్టమైన అంచు కావాలి. సర్కాసియన్ బుట్టా దూరం నుంచి కూడా నీడబొమ్మలా తేటగా కనబడటానికి కత్తెర ఒక ముఖ్య కారణమని చెప్పడం సాహసం కాదు.

ఇక చోటు సంగతి. సంపన్న స్త్రీలు ముందువైపు తెరుచుకునే పొడవాటి ముఖమల్ దుస్తు ధరించేవారు. దాని చేతులు మోచేతి దాకానే ఉండి, అక్కడి నుంచి నాలుక ఆకారంలో ఒక పొడవాటి పట్టీ కిందికి వేలాడేది. కుట్టుపని దుస్తు ముందరి అంచుల వెంట, కింది మూలల్లో, ఈ చేతి పట్టీల అంచులలో, వాటి గుండ్రని కొసలలో చేరేది. మిగిలిన ముఖమల్ ముదురు ఎరుపుగానో, నలుపుగానో, ముదురు నీలంగానో నిరాడంబరంగా మిగిలేది. అంటే బుట్టా దుస్తు కదలికను అనుసరించి ఉండేది: నడకలో ఊగే కొస మీద, తెరుచుకుని మూసుకునే అంచు మీద, నృత్యంలో నెమ్మదిగా లేచే చేతి మీద. మధ్యనున్న ఖాళీ పేదరికానికి గుర్తు కాదు, ఎందుకంటే అంత ముఖమల్, అంత జరీ కొనగలిగినవారు దాన్ని నింపదలిస్తే నింపగలిగేవారే. అదిగె నడవడికలో మితభాషణకూ నిగ్రహానికీ ఇచ్చే గౌరవమే ఈ ఖాళీలోనూ ఉందని భావించడం సమంజసం.

పాత కుట్టుకు మొదటి పునర్వ్యాఖ్యానం నేటి డిజైనర్లు చేసినది కాదు, దాన్ని నృత్య వేదిక చేసింది. కబర్దింకా 1933లో, నల్మెస్ 1936లో వెలిసిన ప్రసిద్ధ నృత్య బృందాలు. చివరి వరుస ప్రేక్షకుడికి కూడా కనబడవలసి రావడంతో వేదిక దుస్తుల మీద ఆకృతులు పెద్దవయ్యాయి, మెరుపు పెరిగింది, చేతి జరీ స్థానంలో కృత్రిమ మెరుపు దారం వచ్చింది. ఈ మార్పును తప్పుపట్టడం అన్యాయం. అనేక దశాబ్దాలపాటు దుస్తు రూపురేఖలను జనం కళ్లముందు నిలిపినవి ఆ బృందాలే. తరువాత కబర్దినో-బల్కారియాలోని నల్చిక్‌లో మదీనా సరాల్ప్, అదిగేయాలోని మైకోప్‌లో యూరీ స్తాష్ వంటి డిజైనర్లు జాతీయ దుస్తులను ఆధారం చేసుకుని పనిచేశారు. అదిగేయాలో ఏటా సెప్టెంబర్ 28ని అదిగె దుస్తుల దినంగా జరుపుకుంటున్నారు.

మిల్లు బట్ట విషయానికి వస్తే అసలు చిక్కు రిపీట్‌తో మొదలవుతుంది. ఒక ఆకృతి నిర్ణీత దూరంలో మళ్లీ మళ్లీ వచ్చే అమరికను రిపీట్ అంటారు. రోలర్ అచ్చు యంత్రాల కాలం నుంచి మిల్లు బట్ట రూపకల్పన దాని చుట్టూనే తిరుగుతోంది. సర్కాసియన్ బుట్టాకు అంచు ఉండాలి, దిక్కు ఉండాలి, ఎడమకు కుడి జోడు ఉండాలి. వాటన్నిటినీ తీసేసి థాను నిండా చల్లితే ఏ ఆకృతికీ చోటంటూ మిగలదు. డిజిటల్ అచ్చు యంత్రానికి రిపీట్ తప్పనిసరి కాదు. దుస్తు ముక్కలను ముందే కంప్యూటర్‌లో పరచి, ఏ ముక్కలో ఏ మూలకు ఏ ఆకృతి రావాలో నిర్ణయించి అచ్చువేయవచ్చు. దీన్నే ప్లేస్‌మెంట్ ప్రింట్ అంటారు. పాత కుట్టుపనివారు ఆలోచించిన క్రమానికి ఇది ఎంతో దగ్గర. జకార్డ్ మగ్గం పడుగు పోగులను విడివిడిగా ఎత్తగలదు కాబట్టి, మెరుపులేని ఉన్ని తలంమీద లావైన పేకతో ఒక్క పెద్ద ఆకృతిని మాత్రమే లేపి, చుట్టూ గజం బట్టను సాదాగా వదలడమూ సాధ్యమే. ఇంత బట్ట ఖాళీగా వదిలితే కొనేవారికి నచ్చుతుందా అన్న భయం సహజం. కానీ ఆ భయానికి లొంగి నింపిన ప్రతి అంగుళమూ మూలానికి దూరం చేస్తుంది.

కంప్యూటర్ ఎంబ్రాయిడరీని మాత్రం జాగ్రత్తగా వాడాలి. యంత్రపు సూది దారాన్ని బట్టలోంచి అటూఇటూ గుచ్చి లాగుతుంది. మెరుపు వచ్చినా ఉబ్బు తగ్గి, అంచు బిగుసుకుపోయి, కిందనున్న బట్ట ముడుచుకుంటుంది. సన్నని తాడును పైన పరచి కుట్టే పరికరం అమర్చిన యంత్రాలు ఈ లోపాన్ని చాలావరకు సరిచేస్తాయి. అంతకన్నా ఆశ కలిగించేది లేజర్ కత్తిరింపు. దళసరి నమదా (నేయకుండా అదిమి చేసిన ఉన్ని బట్ట) మీద, తోలు మీద లేజర్ తీసే తేటైన అంచు, అట్టను కత్తిరించిన కత్తెర గీతకు దగ్గరి చుట్టం వంటిది. ఆకృతితోపాటు అది కత్తిరించగా మిగిలిన ఖాళీ కూడా పనికివస్తుంది. బంగారు మెరుపు లేకుండా, బూడిదరంగు ఉన్నిమీద అదే రంగు నమదా ఆకృతి నిలిపినా సర్కాసియన్ పని గుర్తుపట్టేలా ఉంటే, రూపకల్పన సరైన దారిలో ఉన్నట్టే.

ఆకృతుల అర్థాల గురించి అమ్మకపు చీటీల మీద కనబడే మాటలను అంత తేలికగా నమ్మకూడదు. ప్రతి వలయమూ సూర్యుడని, ప్రతి కొమ్మా జీవవృక్షమని ధీమాగా చెప్పేవారికి ఆధారం చూపే బాధ్యత కూడా ఉంది. కుటుంబ ముద్రల విషయం వేరు. గుర్రాల మీద వాతగా వేసిన ఆ గుర్తులు నేటికీ ఫలానా వంశానివని తెలుస్తాయి. అటువంటి గుర్తును ఆ వంశంవారిని అడగకుండా సంచిమీదో, తివాచీమీదో అచ్చువేయడం తగని పని. కొమ్ము ఆకృతి అందరిదీ కావచ్చు గాని, వంశముద్ర అందరిదీ కాదు.

పాత వస్త్రాలలో మేలైనవి కొన్ని మైకోప్‌లోని జాతీయ మ్యూజియంలో, మరికొన్ని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని రష్యన్ నృవంశ శాస్త్ర మ్యూజియంలో ఉన్నాయి. అమ్మాన్‌లోనో, ఇస్తాంబుల్‌లోనో ఉండే యువ డిజైనర్‌కు వాటి ఫొటోలే దిక్కు. ఎదురుగా నిలిచి తీసిన ఫొటోలో బంగారు గీత కనిపిస్తుంది; అట్ట మందం కనబడదు, వెనకవైపు కనబడదు, బుట్టాకూ అంచుకూ మధ్య ఎన్ని వేళ్ల ఎడం విడిచారో తెలియదు. ఉత్తర కాకసస్ ప్రజల దుస్తులపై 1989లో వెలువడిన సమగ్ర గ్రంథం రాసిన యెవ్‌గేనియా స్తుదెనెత్‌స్కాయా వంటి పరిశోధకులు దుస్తుల కోతనూ, భాగాల పేర్లనూ, ప్రాంతాల తేడాలనూ శ్రద్ధగా నమోదు చేశారు. ఆ పనికి కొనసాగింపుగా ప్రతి దుస్తుకూ పక్కనుంచి వెలుగు వేసి తీసిన చిత్రం, వెనకవైపు చిత్రం, కుట్టిన భాగాల కొలతలతోపాటు కుట్టని భాగాల కొలతలు కూడా అందుబాటులోకి తెస్తే, అమ్మాన్‌లో కంప్యూటర్ ముందు కూర్చున్న డిజైనర్‌కు ఎక్కడ ఆపాలో కూడా తెలుస్తుంది.