ఒకే జాగా, మూడు వేళలు

టిక్కెట్టు, అనుమతి లేకుండా ఎవరైనా వచ్చి కాసేపు నిలవగల వీధి, కూడలి, చెరువుగట్టు వంటి ఉమ్మడి జాగాను ప్రజాస్థలం అంటారు. వర్ధమాన దేశాల్లో దాని విజయాన్ని ఫోటో చూసి తేల్చడం అలవాటైంది; పరచిన గ్రానైట్ ఫోటోలో కనిపిస్తుంది గానీ, మిట్టమధ్యాహ్నం నీడ ఎటు పడుతుందో, ఒంటరిగా వచ్చిన మహిళ అక్కడ ఎంతసేపు నిశ్చింతగా కూర్చోగలదో కనిపించదు.

అహ్మదాబాదు పాతనగరంలోని మాణెక్ చౌక్ పొద్దున కూరగాయల అంగడి. పగలు బంగారు, వెండి వ్యాపారానికి నెలవు. రాత్రి నగల దుకాణాల షట్టర్లు దిగాక వాటి ముందే ప్లాస్టిక్ కుర్చీలు పరుచుకుని, పావ్‌భాజీ పెనాల మీద వెన్న కరుగుతుండగా కుటుంబాలతో కిటకిటలాడే తిండివీధి. జాగా ఒక్క గజమైనా పెరగలేదు, వాడకపు గంటలు పెరిగాయి. దుకాణదారులూ బాటసారులూ తమకు తెలియకుండానే వీధికి కాపలా కాస్తారన్న భావనను నగరాలపై రాసిన రచయిత్రి జేన్ జేకబ్స్ 1961లో ‘వీధిపై కళ్లు’ అన్న మాటతో వివరించారు. మాణెక్ చౌక్‌లో ఆ కళ్లు అర్ధరాత్రి కూడా మూతపడవు.

నేడు పట్టాలు అందుకుంటున్న ప్రణాళికావేత్తలు రేపు చేతబట్టబోయే భూవినియోగ పటం, అంటే ఏ నేల దేనికో రంగులతో చూపే పటం, ఒక్కో నేలకు ఒక్కో రంగే ఇస్తుంది. గంటలను చూపే గడి అందులో ఉండదు. మాణెక్ చౌక్‌కు ఏ రంగు వేయాలి?

మాణెక్ చౌక్ వంటి చోట్ల అమ్ముకునే వీధి వ్యాపారుల కోసం 2014లో పార్లమెంటు చేసిన చట్టం, అమ్మకాల చోట్లను ఖరారు చేయడంలో పాలుపంచుకునే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం స్థానాలను ఆ వ్యాపారులకే ఇచ్చింది. అయినా సుందరీకరణ అనగానే తరచుగా ముందు కదిలేది మిరపకాయ బజ్జీల బండే. జనాన్ని అక్కడ నిలిపి ఉంచింది ఆ బండేనన్న సంగతి తర్వాత గాని తెలియదు.

గంటల లెక్కన జాగాను పంచుకోవడం రోడ్డుకూ వర్తిస్తుంది. కొలంబియా రాజధాని బొగోటాలో 1974లో మొదలైన సిక్లోవియా, అంటే ఆదివారాలు ప్రధాన రహదారులను మోటారు వాహనాలకు మూసి నడకకూ సైకిళ్లకూ వదిలే పద్ధతి, నేటికీ సాగుతోంది. 16వ శతాబ్దంలో నీటి కోసం కట్టిన హుస్సేన్‌సాగర్ గట్టుపై 2021 ఆగస్టులో ఆదివారం సాయంత్రాలు వాహనాలను ఆపినప్పుడు, ఏళ్ల తరబడి బస్సు కిటికీలోంచి చూస్తూ దాటిపోయిన విగ్రహాల ముందు హైదరాబాదు జనానికి తీరిగ్గా ఆగే వీలు చిక్కింది. రాత్రి పదికి బారికేడ్లు పక్కకు జరిగాక అది మళ్లీ రోడ్డే అయ్యేది.