మా పిల్లికి పేరు పెట్టింది అమ్మే!

ఈ రోజు పెయింటింగ్ వీడియో కాదు, మా ఇంటికొచ్చిన కొత్త మెంబర్ కథ.

నేను వార్‌హామర్ 40,000 బొమ్మలకు రంగులేస్తానని తెలుసు కదా. 1987లో ఇంగ్లండ్‌లో మొదలైన ఆట ఇది. పాచికలేసి ఆడే యుద్ధం, ఒక్కో సైనికుడూ బొటనవేలంత ఉంటాడు.

పోయిన నెల మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో దొరికిన పిల్లికూనను తెచ్చుకున్నాం. నేను గొప్పగా 'రోబూట్ గిల్లిమన్' అని పేరు పెట్టా. ఆ ఆటలో నీలి కవచాల అల్ట్రామెరీన్స్‌కి అధిపతి ఆయన. అమ్మేమో, "ఇది గిల్లడం, రక్కడం తప్ప ఏం చేస్తుందిరా? గిల్లి చాలు" అంది. నేను ఒప్పుకోలేదు.

ఒక రాత్రి చూస్తే టేబుల్ మీద బొమ్మ పడిపోయి ఉంది. దాని చేతిలో కత్తి లేదు. పిల్లీ లేదు! మింగేసిందేమోనని నాకు చేతులు వణికాయి. ఆ ముక్క పేగుల్లో ఇరుక్కుంటే ఆపరేషన్ దాకా వెళ్లొచ్చు. "గిల్లిమన్! గిల్లిమన్!" అని ఇల్లంతా అరిచా. ఉలుకూ లేదు, పలుకూ లేదు. అమ్మ వంటింట్లోంచి మెల్లగా "గిల్లీ..." అంది. అంతే, బీరువా కింద నుంచి తోక లేపుకుని వచ్చేసింది! టార్చి వేసి చూస్తే కత్తి అక్కడే ఉంది, పంటి గాట్లతో.

పిల్లులు తమ పేరును గుర్తుపడతాయని 2019లో జపాన్ పరిశోధకులు చెప్పారు. మా దాని తప్పేం లేదు మరి. పాలన్నం పెడుతూ రోజూ పిలిచింది అమ్మ. నేను పిలిచింది ఫొటోలు తీసేటప్పుడే.

ఇప్పుడు బొమ్మలు, జిగురు, రంగులు అన్నీ మూతున్న డబ్బాలోకి వెళ్లాయి. పిల్లి పేరు గిల్లి. మీ పిల్లికి పేరు ఎవరు పెట్టారో కామెంట్లో చెప్పండి. బై!